గుడికి రక్షణ ఉంది, ఊరికేదీ?

సూర్యాపేట నుంచి ఖమ్మం వచ్చే దారిలో నాయకన్‌గూడెం దగ్గర పాలేరు జలాశయం కనిపిస్తుంది. నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లో బస్సులో ఉన్నవాళ్లంతా అటే చూస్తారు. తర్వాత వచ్చే కూసుమంచి మాత్రం వాళ్ల కళ్లకు ఒక మండల కేంద్రం, అంతే. తహసీల్దారు ఆఫీసు, పోలీస్ స్టేషన్, ఎరువుల దుకాణాలు, టీ కొట్లు. ఆ దుకాణాల వెనకే కాకతీయుల కాలపు గుడి ఉందని తెలిసినవాళ్లు దిగుతారు, తెలియనివాళ్లు ఖమ్మం వెళ్లిపోతారు.

మా గణపేశ్వరాలయానికి రాష్ట్ర పురావస్తు శాఖ రక్షణ ఉంది. ఆ శాఖనే ఇప్పుడు వారసత్వ శాఖ అంటున్నాం. గుడి గోడ మీద మేకు కొట్టాలన్నా అడగాలి. కానీ ఆ గుడి ఎవరి కోసం పుట్టిందో, ఎవరు దానికి నూనె పోసి, నైవేద్యం పెట్టి, జాతర చేసి ఇన్ని వందల ఏళ్లు నిలిపారో ఆ ఊరికి ఏ గుర్తింపూ లేదు. 1985లో మండలాలు ఏర్పడ్డప్పుడు కూసుమంచి మండల కేంద్రమైంది. అది పరిపాలన కోసం వచ్చిన హోదా. చారిత్రక గ్రామమన్న హోదా కూడా ఊరికి అధికారికంగా రావాలని నేను కోరుకుంటున్నాను. దాన్ని అడిగే పద్ధతి మాత్రం మనం ఇప్పటిదాకా అడిగిన పద్ధతి కాకూడదు. ఈ వ్యాసం ఆ సంగతి చెప్పడానికే.

ముందు గుడి సంగతి చూద్దాం.

రామప్పను చూసిన కళ్లతో ఇక్కడికి వస్తే నిరాశపడతారు. మదనికలు, నాగినులు ఇక్కడ లేరు. గణపేశ్వరాలయం గొప్పతనమంతా రాతి పనిలోనే ఉంది. పెద్ద పెద్ద గ్రానైటు దిమ్మెలను చెక్కి, నునుపు చేసి, వరస మీద వరస పేర్చుకుంటూ పోయారు. రెండు దిమ్మెలు కలిసే చోట వేలితో తడిమి చూడండి. మధ్యలో సున్నం తగలదు. రాయి మీద రాయి తన బరువుతోనే కూర్చుంది. ఎండ ఏటవాలుగా పడే వేళ గోడకు దగ్గరగా నిలబడితే ఉలి దెబ్బలు సన్నని గీతల్లా తేలి కనిపిస్తాయి. ఒక దిమ్మె మీద గీతలు ఒక వాలుగా, పక్క దిమ్మె మీద ఇంకో వాలుగా ఉంటాయి. రెండూ వేరు వేరు చేతులు చెక్కినవి. ఆ చేతులవాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ ఉండవు. రాజు పేరు ఉంటుంది, దానమిచ్చిన సామంతుడి పేరు ఉంటుంది, పూజారికిచ్చిన భూమి మర్తురుల్లో ఎంతో లెక్క ఉంటుంది. రాయి కొట్టినవాడికి మిగిలింది ఆ గీతే. ఊరి చరిత్ర రాసేటప్పుడు ఆ గీతకు కూడా ఒక పేజీ ఇవ్వాలని నాకు గట్టిగా ఉంది.

లోపల శివలింగం భారీది. పానవట్టంతో కలిపి చూస్తే గర్భగుడి అంతా ఆయనే నిండి ఉన్నట్టు ఉంటుంది. మహాశివరాత్రినాడు చుట్టుపక్కల ఊళ్లన్నీ ఇక్కడికే వస్తాయి. జీళ్లచెరువు నుంచి, పాలేరు నుంచి, తండాల నుంచి ట్రాక్టర్ల మీద, ఆటోల మీద దిగుతారు. కొద్ది దూరంలో ముక్కంటేశ్వరాలయం ఉంది. జనం ఎక్కువగా పెద్ద గుడి చూసి తిరిగిపోతారు గానీ, చరిత్ర కోసం వచ్చినవాళ్లు రెండూ చూడాలి. ఒక ఊళ్లో రెండు రాతి శివాలయాలు నిలిచాయంటే ఆ రోజుల్లో ఇక్కడ పంట పండేది, పన్ను వచ్చేది, ఆ డబ్బును రాయిగా మార్చగల మనసున్న పెద్దలు ఉండేవాళ్లు అని అర్థం.

ఎవరా పెద్దలు? ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. కాకతీయుల కాలంలో గుడి కట్టించినవాళ్ల పేరు, లేదా ఎవరి పుణ్యం కోసం కట్టించారో వాళ్ల పేరు దేవుడికి పెట్టడం అలవాటు. 1213లో సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో ప్రతిష్ఠించిన దేవుడు రుద్రేశ్వరుడు. జనం రామప్ప అంటారు గానీ శాసనం మాట రుద్రేశ్వరుడే. మనకు పక్కనే, సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో రేచర్ల నామిరెడ్డి 1202లో కట్టించింది నామేశ్వరాలయం, ఎరకసాని 1208లో కట్టించింది ఎరకేశ్వరాలయం. ములుగు వైపు గణపురంలోనూ ఒక గణపేశ్వరాలయం ఉంది. 1199 నుంచి 1262 దాకా ఓరుగల్లును ఏలినవాడు గణపతిదేవుడు. మా గణపేశ్వరుడు ఆయన పేరు మీద వెలిశాడని ఊరి పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటున్న మాటకు ఈ ఆనవాయితీ గట్టి ఆసరా. కట్టడం తీరు కూడా ఆ కాలానికే సరిపోతుంది. అయితే ఆసరాకూ రుజువుకూ తేడా ఉంది. పిల్లలమర్రివాళ్లు వేలు పెట్టి చూపించే శాసనం సంవత్సరంతో సహా మాట్లాడుతుంది. మనం కూడా ఆ స్థాయికి వెళ్లి మాట్లాడాలి.

కాకతీయుల పద్ధతి తెలిసినవాళ్లు గుడిని ఒంటరిగా చూడరు. ఊరు కట్టాలంటే ముందు చెరువు తవ్వాలి. చెరువు కింద భూమి సాగులోకి వస్తే గుడికి మాన్యం ఇవ్వవచ్చు. గుడి ఉంటే పూజారి, భజంత్రీలు, కుమ్మరి, చాకలి, నూనె ఆడించే గానుగవాడు, అందరికీ ఊళ్లో చోటు ఉంటుంది. చెరువూ గుడీ ఊరూ ఒకదాన్ని ఒకటి పోషించుకునే ఏర్పాటు అది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయంటే ఆ ఏర్పాటు ఎంత గట్టిదో తెలుస్తుంది. అందులోంచి గుడిని ఒక్కదాన్ని విడదీసి, చుట్టూ కంచె వేసి, బోర్డు పెడితే గుడి మిగులుతుంది, దాని అర్థం పోతుంది. తూము ఎక్కడ ఉండేది, అలుగు ఎటు పారేది, శిఖం భూమి హద్దు ఏది, పాత ఊరు ఏ వైపు నుంచి ఏ వైపుకు పెరిగింది, బొడ్రాయి ఎక్కడ ఉంది, కట్ట మైసమ్మ ఎక్కడ ఉంది, ఇవన్నీ ఆ గుడి చరిత్రలో భాగమే. వీటికి చరిత్ర గుర్తులుగా ఇప్పుడు ఏ చట్టం రక్షణా లేదు. శిఖం హద్దు మీద ఒక ప్రహరీ లేస్తే చరిత్రకు నష్టం జరిగిందని కేసు పెట్టే అధికారి లేడు.

ఇంకొంచెం పైనుంచి చూస్తే మా ఊరు ఒంటరిది కూడా కాదు. పాలేరు చిన్న ఏరే, కృష్ణకు ఉపనది. కానీ ఆ ఏటి వెంట నడిచిన చరిత్ర చిన్నది కాదు. దిగువన జగ్గయ్యపేట స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని తవ్వించి చూశాడు. అక్కడ దొరికిన శాసనాల్లో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పేరుంది. అంటే మూడో శతాబ్దం. మనకు దక్షిణాన, పొద్దున బయలుదేరితే చూసి వచ్చేంత దగ్గరలో నేలకొండపల్లి ఉంది. అక్కడి మట్టికోట దిబ్బల మీద పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే విహారాల పునాదులు, బావులు, మట్టిబొమ్మలు, కంచు బుద్ధుడు బయటపడ్డాయి. పెద్ద స్తూపం ఇప్పుడు అందరికీ కనిపిస్తోంది. జనం దాన్ని విరాటరాజు దిబ్బ అని పిలుచుకుంటూ వచ్చారు. పాండవుల కథ ఆ మట్టిని కాపాడింది, తవ్వకం దాని అసలు వయసు చెప్పింది. పదిహేడో శతాబ్దంలో అదే నేలకొండపల్లిలో కంచర్ల గోపన్న పుట్టి, తానీషా కొలువులో పాల్వంచ పరగణా తహసీల్దారై, భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి భక్త రామదాసయ్యాడు. నిజాం కాలంలో, 1920లలో, పాలేరుకు ఆనకట్ట వచ్చింది. తర్వాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చి ఆ చెరువునే జలాశయంగా వాడుకుంది. 2017 జనవరి 31న ఆ నీళ్లనే ఎత్తిపోసే పథకం మా మండలంలో మొదలైంది. దానికి పెట్టిన పేరు భక్త రామదాసు.

బౌద్ధ స్తూపం నుంచి ఎత్తిపోతల పంపు దాకా ఒకే ఏటి వెంట ఇన్ని కాలాలు వరసగా నిలిచిన చోటు ఈ జిల్లాలో ఇంకెక్కడుందో చెప్పమనండి. కూసుమంచి ఈ వరసలో కాకతీయుల అధ్యాయం. దాన్ని తీసేస్తే నేలకొండపల్లి స్తూపానికీ గోపన్నకూ మధ్య వెయ్యేళ్లకు పైగా ఖాళీ పడుతుంది.

ఇక చట్టం సంగతి. మన దేశంలో పురావస్తు రక్షణ చాలావరకు కట్టడాన్నీ తవ్వకపు స్థలాన్నీ చూసేదే. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కట్టడాన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్నదిగా ప్రకటించవచ్చు. ముందు గెజిట్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, రెండు నెలలు అభ్యంతరాలు విని, ఆ తర్వాత ఖాయం చేస్తారు. మన రాష్ట్రంలో 1960 నాటి చట్టం నడిచింది. 2017లో తెలంగాణ తన సొంత వారసత్వ చట్టం చేసుకుంది. అందులో కట్టడాలతో పాటు వారసత్వ ప్రాంతాలను కూడా గుర్తించే వీలు ఉంది. మనం తట్టాల్సిన తలుపు అదే అని నా అభిప్రాయం.

ఊరిని ఊరుగా గుర్తించిన ఉదాహరణలు లేవా అంటే ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లో కాంగ్రా లోయలోని ప్రాగ్‌పూర్‌ను అక్కడి ప్రభుత్వం 1997 డిసెంబరులో వారసత్వ గ్రామంగా ప్రకటించింది. రాతి పలకలు పరిచిన వీధులు, పాత కోనేరు, మట్టిగోడల ఇళ్లు, అన్నీ కలిపి ఒక్క ప్రకటన కింద వచ్చాయి. జపాన్ 1975లో తన సాంస్కృతిక సంపద చట్టాన్ని సవరించి, పాత ఇళ్ల సముదాయాలను మొత్తంగా కాపాడే ఏర్పాటు చేసుకుంది. షిరకావా లోయలోని గడ్డికప్పుల ఇళ్ల ఊరు ఒగిమాచి 1976లో దాని కిందికి వచ్చి, 1995లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఫ్రాన్స్‌లో 1982లో కొల్లోంజ్-లా-రూజ్ అనే చిన్న ఊరి మేయరు చొరవతో అందమైన గ్రామాల సంఘం పుట్టింది. అందులో చేరాలంటే ఊరి జనాభా 2,000 దాటకూడదు, ఊళ్లో కనీసం రెండు రక్షిత కట్టడాలో స్థలాలో ఉండాలి, ఊరి పాలకమండలి తీర్మానం చేసి దరఖాస్తు పెట్టాలి. అది ప్రభుత్వ చట్టం కాకపోయినా ఆ గుర్తు చూసి జనం వెళ్తారు. మన దగ్గర భూదాన్ పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ పెంబర్తినీ చంద్లాపూర్‌నూ ఎంపిక చేసింది. పోచంపల్లికి ఇక్కత్ ఉంది, పెంబర్తికి ఇత్తడి పని ఉంది. ఇవి పర్యాటకపు బహుమతులు, చరిత్ర రక్షణ కాదు. బహుమతి వచ్చిన ఏడాది ఫోటోలు పడతాయి. చట్టం గుర్తిస్తే హద్దులు పడతాయి. మనకు కావలసింది హద్దులు.

ఈ విషయంలో మనం నేర్చుకోవలసిన పాఠం దూరాన లేదు, పాలంపేటలోనే ఉంది. 2021 జులై 25న రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ హోదా వచ్చినప్పుడు మనమంతా పండగ చేసుకున్నాం. ఆ కథ మొదలైంది మాత్రం చాలా ముందు. నిజాం రాజ్యంలో 1914లో పురావస్తు శాఖ పెట్టారు. దాని మొదటి డైరెక్టరు గులాం యాజ్దానీ. ఆయన పాలంపేట గుళ్లను కొలిచి, ఫోటోలు తీయించి, ప్లాన్లు గీయించి, 1922లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ఆ చిన్న పుస్తకానికీ యునెస్కో ప్రకటనకూ మధ్య 99 ఏళ్లు. మొదటి ప్రతిపాదన కూడా ఇంత సూటిగా లేదు. 2014లో పంపిన తాత్కాలిక జాబితాలో వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోటలోని తోరణాలు, రామప్ప, అన్నీ కలిపి ఉన్నాయి. చివరికి రామప్ప ఒక్కదాని మీదే దస్త్రం తయారైంది. నిపుణుల సంస్థ సందేహాలు లేవనెత్తింది. వాటికి జవాబులు చెప్పాల్సి వచ్చింది. ఇసుక పునాది, నీటిలో తేలే ఇటుకలు అని మనం గొప్పగా చెప్పుకునేవాటికి కూడా కాగితం మీద కొలతలు, పరీక్షలు చూపించాల్సి వచ్చింది. ఎంత గొప్ప గుడి అయినా దస్త్రం లేకపోతే అడుగు ముందుకు పడదు.

అందుకే నాకు ఊళ్లో వినిపించే కొన్ని మాటలు బాధ కలిగిస్తాయి. ఒక్క రాత్రిలో కట్టిన గుడి అంటారు. దక్షిణ భారతంలోనే అతిపెద్ద లింగం అంటారు. జాతర రోజున మైకులో చెప్తారు, మరుసటి రోజు పేపర్లో వస్తుంది, ఆ పేపరు కత్తిరింపునే వినతిపత్రానికి జత చేస్తారు. గంగైకొండచోళపురం, తంజావూరు, భోజపురం చూసినవాళ్లు ఆ కత్తిరింపు చదివితే ఇంకో పేజీ తిప్పరు. మన లింగం ఎంతుందో అంత అని చెబితే చాలదా? టేపు పట్టి పానవట్టం చుట్టుకొలత, లింగం ఎత్తు, గర్భగుడి వెడల్పు సెంటీమీటర్లలో రాసిన ఒక్క కాగితం ఆ మైకు మాటలన్నిటికన్నా విలువైనది. ఒక్క రాత్రి కథను కొట్టిపారేయమని నేను అనడం లేదు. ఆ కథను కథగా, ఎవరు చెప్పారో ఎప్పుడు చెప్పారో రాసి, జానపద విభాగంలో పెట్టండి. విరాటరాజు దిబ్బ కథ నేలకొండపల్లికి చేసిన మేలే ఇదీ మనకు చేస్తుంది.

దస్త్రంలో ఏముండాలి? నాకు తెలిసినంతవరకు సగం కాగితాలు మన పల్లెల్లోనే ఉన్నాయి, సగం హైదరాబాదులో ఉన్నాయి.

ఊరి పాత రూపం తెలియాలంటే మొదట గ్రామ నక్ష కావాలి. దానితో పాటు పాత సర్వే రికార్డు సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. ఇవాళ కంప్యూటరులో వచ్చే పాసుపుస్తకంలో భూమి ఎవరిదో ఉంటుంది గానీ, ఆ భూమికి ఆ సర్వే నంబరు కింద పాత పేరేమిటో, అది దేవుడి మాన్యమో, శిఖమో, బంచరాయో, తోపో, బాటో ఉండదు. ఖాస్రా పహాణీలో ఉంటుంది. గుడికి ఇనాం భూమి ఉందా, ఎంత ఉంది, ఎవరి పేరున సేవ ఉంది అన్నది నిజాం కాలపు ఇనాం పత్రం ముంతఖబ్‌లో తేలుతుంది. అవన్నీ ఉర్దూలో ఉంటాయి. సంవత్సరాలు ఫసలీలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1340 ఫసలీ అంటే 1930. ఈ ఉర్దూ చేతిరాత చదవగలిగిన పెద్దలు ఊళ్లలో తగ్గిపోతున్నారు. ఖమ్మంలో ఇంకా ఉన్నారు. వాళ్లను గౌరవంగా పిలిచి, కూర్చోబెట్టి, చదివించుకోవాలి. ఇంకో పదేళ్లు ఆగితే ఆ అవకాశం ఉండదు. మరో సంగతి, 1953 అక్టోబరు 1 దాకా ఖమ్మం జిల్లా లేదు, మనం వరంగల్ జిల్లాలో ఉన్నాం. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖ కార్యాలయానికి వెళ్లి ఖమ్మం జిల్లా దస్త్రాలు అని అడిగితే పాతవి దొరకవు. వరంగల్ జిల్లా, ఖమ్మం తాలూకా అని అడగాలి.

రాతి మీది అక్షరాల సంగతి ఇంకా ముఖ్యం. తెలంగాణ శాసనాలను వెలుగులోకి తేవడానికి హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు మీద పరిశోధక మండలి పెట్టుకుని, 1935లో తెలంగాణా శాసనముల మొదటి సంపుటం అచ్చు వేశారు. ఆ పనిలో ముందు నిలిచిన ఆదిరాజు వీరభద్రరావు గారు మన వైపువారే, మధిర దగ్గర దెందుకూరు. ఆ రోజుల్లో వాళ్లకు కార్లు లేవు. ఎడ్లబండ్ల మీద, కాలినడకన ఊరూరా తిరిగి శాసనాల అచ్చులు తీశారు. ఆ పద్ధతి ఇవాళ మన హైస్కూలు పిల్లలకు కూడా చూపించవచ్చు. రాతిని మెత్తటి బ్రష్షుతో, నీళ్లతో శుభ్రం చేస్తారు. తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి, ముడతలు లేకుండా గుడ్డతో అద్దుతారు. తర్వాత కుచ్చు బ్రష్షుతో నెమ్మదిగా కొడుతుంటే కాగితం అక్షరపు గుంటల్లోకి దిగుతుంది. కాస్త ఆరిన తర్వాత సిరా అద్దిన మెత్తతో పైపైన తడతారు. మెట్ట ఉన్న చోట నల్లగా, అక్షరం ఉన్న చోట తెల్లగా వస్తుంది. అది ఆరి చేతికి వచ్చినప్పుడు కంటికి ఆనని అక్షరాలు కూడా చదవడానికి వీలవుతాయి. శక సంవత్సరం కనిపిస్తే 78 కలుపుకోవాలి. ఈ పని శాఖ అనుమతితో, తెలిసినవాళ్ల దగ్గరుండి చేయాలి. అక్షరాలు బాగా కనపడాలని సున్నం పూయడం, రంగు నింపడం, ఇనుప బ్రష్షుతో రుద్దడం మాత్రం ఎవరూ చేయవద్దు. ప్రేమతో చేసినా అది శాసనాన్ని చంపేస్తుంది.

విడి రాళ్లకు కూడా ఒక పట్టీ వేయాలి. ఏ పాత ఊళ్లోనైనా గుడి రాయి గుడిలోనే ఉండదు. విరిగిన స్తంభం ఎవరి గుమ్మం ముందో మెట్టవుతుంది, ద్వారబంధం ముక్క పొలం గట్టున హద్దురాయవుతుంది, వీరగల్లుకు పసుపు కుంకుమ పెట్టి ఇంకో పేరుతో కొలుస్తారు. వాటిని లాక్కుని మ్యూజియంలో పెట్టమని నేను అనను. ఎక్కడున్నది అక్కడే ఉండనిచ్చి, నంబరు వేసి, ఫోటో తీసి, ఎవరి ఇంటి దగ్గర ఉందో రాస్తే చాలు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006లో విప్పదీసినప్పుడు ప్రతి రాయికీ నంబరు వేశారు కాబట్టే, ఎన్నేళ్లు ఆలస్యమైనా 2024 మార్చిలో మళ్లీ నిలబెట్టి తెరవగలిగారు. నంబరు లేని రాయి పోయినా పోయినట్టు ఎవరికీ తెలియదు. గుప్తనిధుల పేరుతో రాత్రిళ్లు నందుల కింద, పాడుపడ్డ గుళ్లలో తవ్వే ముఠాలు తెలంగాణ అంతటా తిరుగుతున్నాయి. వాళ్లకు కావలసింది కూడా అదే, లెక్కలో లేని రాయి. 2024 సెప్టెంబరు 1న పాలేరు ఉప్పొంగి రోడ్లూ పొలాలూ కోసుకుపోయిన వరద చూసిన తర్వాత ఈ పట్టీ రేపు వేద్దాంలే అనుకోవడానికి నాకు ధైర్యం చాలదు.

ఇక అసలు కష్టం. ఇది రాళ్ల దగ్గర లేదు, ఇళ్ల దగ్గర ఉంది. రక్షణ అనే మాట వినగానే గుడి చుట్టుపక్కల ఇళ్లున్నవాళ్ల గుండె ఝల్లుమంటుంది. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన మరో 200 మీటర్లు అనుమతి ఉంటేనే కట్టుకోవాలి. 2010లో పార్లమెంటు దీన్ని చట్టంలోనే రాసింది. మన గుడి రాష్ట్ర రక్షణలోది కాబట్టి ఆ కొలత నేరుగా వర్తించదు. కానీ రేపు ఊరంతటినీ గుర్తిస్తే ఏమవుతుందో అన్న భయం నిజమైనదే. కొడుకు పెళ్లి అయితే రెండు గదులు వేసుకోవాలి. రేకుల ఇంటి మీద స్లాబు పోసుకోవాలి. పట్టా భూమి విలువ పడిపోతే కూతురి చదువుకు అప్పు ఎవరిస్తారు? చరిత్ర మీద ప్రేమ పేరుతో ఈ ప్రశ్నలను పక్కకు నెట్టేవాళ్లతో నేను ఏకీభవించను. ఊరిని కాపాడుతామని ఊరివాళ్లను కట్టేస్తే ఆ గుర్తింపు మొదటి పంచాయతీ ఎన్నికలకే అందరి కోపానికీ గురవుతుంది.

దానికి దారి ఉంది. హద్దులు గీసే పని హైదరాబాదుకు వదలకుండా ముందే గ్రామసభ చేయాలి. గుడి ప్రహరీ చుట్టూ కొంత మేర ఖాళీగా ఉండాలి, అక్కడ ఇప్పటికే ఉన్న ఇల్లు ఉన్నట్టే ఉండి, మరమ్మతుకు అడ్డు లేకుండా ఉండాలి. దాని తర్వాతి వలయంలో ఎత్తు మాత్రం నియంత్రించాలి, గుడి కన్నా పైకి లేవకూడదు. శిఖం, కాలువ, పాత బాట, బొడ్రాయి చుట్టూ ఉన్న ఖాళీ స్థలం, వీటిలో మాత్రం ఎవరికీ కొత్తగా చోటు ఇవ్వకూడదు. ఊరు పెరగాల్సిన వైపు పెద్ద రోడ్డు వైపే. ఎలాగూ అటే పెరుగుతోంది. ఎవరి పట్టా భూమికైనా నిజంగా నష్టం కలిగితే దానికి బదులు స్థలమో డబ్బో ప్రభుత్వం ఇవ్వాలని తీర్మానంలోనే రాసుకోవాలి. ఇలా రాసిన తీర్మానం మీద సంతకం పెట్టడానికి గుడి వెనక వీధివాళ్లు ముందుకు వస్తారని నా నమ్మకం. ఎందుకంటే శివరాత్రికి నీళ్లు మోసేదీ, గుడి దగ్గర రాత్రి చప్పుడైతే ముందు లేచేదీ వాళ్లే.

అర్చనకూ రక్షణకూ మధ్య కూడా ఒక ఒప్పందం కావాలి. పూజ జరిగే గుడి బతికి ఉన్న గుడి. దాన్ని తాళం వేసిన మ్యూజియం చేయమని ఎవరూ అడగరు. కానీ పూజ పేరుతో గర్భగుడిలో టైల్స్ పరచడం, రాతి స్తంభాలకు ఆయిల్ పెయింట్ వేయడం, మండపానికి ఇనుప రేకుల షెడ్డు తగిలించడం తెలంగాణలో చాలా పాత గుళ్లకు జరిగింది. దాత మంచి మనసుతోనే ఇస్తాడు. ఆ డబ్బుతో నీటి వసతి, మరుగుదొడ్లు, చెప్పుల స్టాండు, ఆవరణ బయట ఒక వసారా కట్టమని చెప్పగలిగేలా ఊళ్లో ఒక రాతపూర్వక నియమం ఉండాలి. రాతి మీద మాత్రం ఎవరి పేరూ చెక్కకూడదు, ఎంత పెద్ద విరాళమైనా సరే.

ఇక తీర్మానం మూడు ప్రతులు రాయాలి. ఒకటి ఖమ్మం కలెక్టరుకు, ఒకటి వారసత్వ శాఖకు, ఒకటి గ్రామ పంచాయతీ బీరువాకు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సర్పంచులు మారతారు, అధికారులు బదిలీ అవుతారు, దస్త్రం ఊళ్లో ఉంటే తర్వాతివాళ్లు మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. తీర్మానానికి కొలతల కాగితం, రాళ్ల పట్టీ, నక్ష మీద గీసిన హద్దులు జత చేయాలి. కొలతలకు ఒక ఆదివారం, ఒక టేపు, హైస్కూలు లెక్కల మాస్టారు ఉంటే చాలు. రాళ్ల పట్టీకి ఫోన్ కెమెరాలున్న పిల్లలు వీధికి ఇద్దరు చొప్పున కావాలి. గ్రామ నక్ష నకలు కోసం సర్వే, భూరికార్డుల శాఖకు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టాలి. దాని మీద ఎరుపు గీత ఎక్కడ పడాలో గ్రామసభలో, గుడి వెనక వీధివాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి తేల్చుకుందాం.